జైల్లో ఉన్న మనవాళ్ల గురించి (కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి)



గంజాయి కేసులో ఏజెన్సీ కుర్రాళ్లు నలుగురు పట్టుబడ్డారన్న వార్త పోయిన నెల మన మధ్య తిరిగింది. "తప్పు చేసినోడు అనుభవించాలి గదా", "వీళ్ల వల్లే మన పేరు పోతోంది", "వీళ్లకి మళ్లీ హక్కులేంటి" అని చాలామంది అన్నారు. అన్నవాళ్లంతా మన తమ్ముళ్లే, మన చెల్లెళ్లే. ఆ కోపం మాకు అర్థమవుతుంది. విశాఖలోనో హైదరాబాద్‌లోనో అద్దెకి గది అడిగినప్పుడు "మీది పాడేరా? అరకా?" అని ఇంటాయన ఒక చూపు చూస్తాడు. ఆ చూపు మనందరికీ తెలుసు. బస్సులో మన బ్యాగు మాత్రమే రెండుసార్లు వెతుకుతారు, అదీ తెలుసు.

అయినా "వీళ్లకి హక్కులేంటి" అన్న ప్రశ్నకి జవాబు చెప్పాల్సిందే. దానికోసమే ఈ పోస్టు.

మేమెవరమో ముందు చెప్తాం. విశాఖలో చదువుకుంటున్న ఏడుగురం. ఇద్దరు లా, ఒకరు నర్సింగ్, మిగతావాళ్లం డిగ్రీ, పీజీ. మాకు సంస్థ లేదు, బ్యానర్ లేదు, రసీదు పుస్తకం లేదు. ఏడాదిన్నర నుంచి జైల్లో ఉన్న మన ఊళ్లవాళ్లని ములాఖత్‌కి వెళ్లి కలుస్తున్నాం. వాళ్ల ఇంటివాళ్లని కోర్టుకి, లాయరు దగ్గరికి తీసుకెళ్తున్నాం. ఏ జైలు, ఏ కోర్టు, ఏ ఊరు అన్నది రాయడం లేదు. లోపల ఉన్నవాళ్లకి ఇబ్బంది కాకూడదు.

ఒక తల్లి గురించి చెప్పాలి. పెదబయలు వైపు కొండ మీద ఊరు. కొడుక్కి పంతొమ్మిదేళ్లు. ఆశ్రమ పాఠశాలలో తొమ్మిది దాకా చదివి మానేశాడు. మైదానం నుంచి వచ్చినవాడెవడో మూట మోయమంటే మోశాడు. రోడ్డు మీద పట్టుకున్నారు. మూట ఇచ్చినవాడు లేడు, కొనేవాడు లేడు, దొరికింది భుజం మీద మూట ఉన్నవాడు. రాసిన బరువు 22 కిలోలు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, దాని సంగతి తర్వాత చెప్తాం.

ఆవిడ సాయంత్రం ఊళ్లో బయల్దేరి, జీపు పట్టుకుని, పాడేరులో బస్సెక్కి, రాత్రి విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బల్ల మీద పడుకుని పొద్దున్నే జైలు గేటు దగ్గరికొచ్చింది. ఆధార్ కార్డు చూపించి, పేరు రాయించుకుని, మూడు గంటలు కూర్చుంది. లోపలికి వెళ్లాక అద్దానికి అటు కొడుకు, ఇటు తల్లి, మధ్యలో ఫోను. ఆవిడకి వచ్చింది కువి. తెలుగు "బస్సు", "బియ్యం", "బాబూ" వరకే. ఫోను తీసి కువిలో రెండు మాటలు అన్నదో లేదో, పక్కనున్న గార్డు "తెలుగులో మాట్లాడమ్మా, మాకు తెలియాలి" అన్నాడు. ఆవిడ ఆగిపోయింది. కొడుకు ఆగిపోయాడు. మిగిలిన టైమంతా ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుంటూ కూర్చున్నారు. బయటికొచ్చాక "ఏటి మాట్లాడినావమ్మా" అని అడిగితే "తిన్నావా అన్నాను" అంది. అంతే. దానికోసం ఒక పగలు, ఒక రాత్రి, రెండు రోజుల కూలి.

ఆ గార్డు చెడ్డవాడని మేం అనడం లేదు. లోపల ఏం మాట్లాడుకుంటున్నారో సిబ్బందికి తెలియాలన్నది వాళ్లకి చెప్పిన పని. కానీ అర్థం కాకపోతే అర్థమయ్యేవాణ్ణి పిలవాలి గానీ, తల్లి నోరు మూయించకూడదు గదా. తర్వాత వారం మాలో కువి వచ్చిన అమ్మాయి ఆవిడతో కలిసి వెళ్లింది. పై అధికారికి ఒక అర్జీ ఇచ్చాం. అందులో రాసింది ఒకటే. కుటుంబంతో, లాయరుతో మాట్లాడటం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని 1981లో ఫ్రాన్సిస్ కొరలీ ములిన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది; ఈ తల్లికి వేరే భాష రాదు కాబట్టి ఆమె భాషలో మాట్లాడనివ్వకపోతే ఆ హక్కు లేనట్టే. ఆ అధికారి చదివి, "మాట్లాడుకోనివ్వండి, ఈ అమ్మాయి పక్కనుంటుంది" అన్నాడు. అర్జీకి పట్టింది ఒక పేజీ. అది రాసే మనిషి లేక అంతకు ముందు నాలుగు ములాఖత్‌లు మౌనంగా పోయాయి.

మేం చెప్పాలనుకున్నది ఇదే. జైల్లో ఉన్నవాడికి హక్కులు చాలానే ఉన్నాయి. కాగితం మీద గట్టిగానే ఉన్నాయి. వాటిని లోపలికి మోసుకెళ్లే మనిషి బయట ఉండాలి. డబ్బున్న ఖైదీకి ఆ మనిషి ఉంటాడు. మనవాళ్లకి ఉండడు.

ఇప్పుడు "తప్పు చేసినోడికి హక్కులేంటి" అన్న మాటకి వద్దాం. మొదటి సంగతి, మన జైళ్లలో ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఇంకా శిక్షే పడలేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్క ప్రకారం దేశంలో మొత్తం ఖైదీలు 5,73,220 మంది. అందులో విచారణ ఖైదీలు 4,34,302 మంది. అంటే నలుగురిలో ముగ్గురు. కోర్టు ఇంకా తప్పు చేశావనలేదు, అయినా లోపలున్నారు. 2011 జనాభా లెక్కల్లో మన ఎస్టీల వాటా 8.6 శాతం. జైళ్లలో మన వాటా అంతకంటే ఎక్కువ.

రెండో సంగతి, శిక్ష పడినా హక్కులు పోవు. ఈ మాట చెప్పిన కేసు ఎక్కడిదో తెలుసా? మన విశాఖపట్నం సెంట్రల్ జైలుదే. జైలు గోడ మీద కరెంటు తీగ పెట్టారని, నక్సలైట్ కేసుల్లో లోపలున్న ఖైదీలు సుప్రీంకోర్టుకి వెళ్లారు. డి. భువన్ మోహన్ పట్నాయక్ కేసు, 1974. ఆ తీగ సంగతి ఎలా ఉన్నా, శిక్ష పడినంత మాత్రాన మనిషి తన ప్రాథమిక హక్కులన్నీ పోగొట్టుకోడని కోర్టు అప్పుడే తేల్చింది. తిరిగే స్వేచ్ఛ లాంటివి పోతాయి, నిజమే. ప్రాణం, గౌరవం, చట్ట ప్రకారమే నడిపించాలన్న హామీ, ఇవి గేటు దగ్గర జమచేసి వెళ్లే వస్తువులు కావు. తర్వాత సునీల్ బాత్రా కేసుల్లో, తీహార్ జైల్లోని ఖైదీ ఇంకో ఖైదీని కొడుతున్నారని రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని కోర్టు ఇదే మాటని ఇంకా ముందుకి తీసుకెళ్లింది. ఒక ఉత్తరం. స్టాంపు పేపరు కూడా కాదు.

ఇక ఆ 22 కిలోలు. ఎన్డీపీఎస్ చట్టం 1985 కింద గంజాయి 20 కిలోలు దాటితే వ్యాపార పరిమాణం. శిక్ష పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు, జరిమానా లక్ష నుంచి రెండు లక్షలు. దానికి తోడు 37వ సెక్షన్. ప్రభుత్వ లాయరు వద్దంటే, నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణం కనిపిస్తేనే జడ్జి బెయిల్ ఇవ్వాలి. అంటే విచారణ మొదలవకముందే నిర్దోషినని చూపించుకోవాలి. ఇంకో సంగతి చట్టంలోనే ఉంది, చాలామంది లాయర్లు కూడా పట్టించుకోరు. గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొసలు. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. మూటలో ఏముందో, ఏది తూచారో, తడిగా తూచారో ఎండాక తూచారో అడగాల్సిందే. రెండు కిలోల తేడా మీద పదేళ్ల జీవితం వేలాడుతోంది మరి.

మన తమ్ముడు వేలిముద్ర వేయలేదు, సంతకమే పెట్టాడు. తొమ్మిది చదివాడు గదా. కానీ ఏం రాసుందో చదవలేదు, ఎవరూ చెప్పలేదు. "ఏటి రాసిండ్రో నాకు తెల్దు, సంతకం ఎట్టు అన్నారు, ఎట్టినాను" అన్నాడు. అరెస్టు ఎందుకు చేస్తున్నారో చెప్పాలని 22వ అధికరణ మొదటి క్లాజులోనే ఉంది. అది ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలని 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు అంది. అదే ఏడాది నవంబర్‌లో మిహిర్ రాజేష్ షా కేసులో ఇంకా స్పష్టంగా చెప్పింది. కారణాలు రాతపూర్వకంగా, అతనికి తెలిసిన భాషలో ఇవ్వాలి. వెంటనే కుదరకపోతే నోటితో చెప్పి, రిమాండుకి హాజరుపరచడానికి కనీసం 2 గంటల ముందైనా రాసివ్వాలి. కువిలో, గదబలో, ఆదివాసీ ఒడియాలో రాసిచ్చే స్టేషన్ ఎక్కడుంది అని మీరు నవ్వొచ్చు. మేమూ నవ్వుకున్నాం. కానీ మేజిస్ట్రేటు ముందు "ఇతనికి ఏ భాషలో చెప్పారు?" అని లాయరు అడిగితే ఆ ప్రశ్న రికార్డులో ఉంటుంది. అడగకపోతే ఏమీ ఉండదు.

ఆ లాయరు ఎవరు, ఫీజు ఎవరిస్తారు అంటారా? ఇది మనవాళ్లలో నూటికి తొంభై మందికి తెలియని విషయం, కాబట్టి కొంచెం నిలిచి చెప్తాం. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 1987, 12వ సెక్షన్. ఎస్టీ అయితే చాలు, ఆదాయం ఎంతని అడక్కుండా ఉచిత లాయరుకి అర్హుడు. కస్టడీలో ఉన్నా చాలు. మనవాడు జైల్లో ఉంటే రెండు విధాలా అర్హుడన్నమాట. ప్రతి జిల్లాలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, కోర్టు ఆవరణలోనే ఆఫీసు. 15100కి ఫోన్ చేసినా పలుకుతారు. మొదటిసారి మేజిస్ట్రేటు ముందుకి తెచ్చిన రోజు నుంచే ఈ హక్కు మొదలవుతుందని, నిందితుడు అడగకపోయినా మేజిస్ట్రేటే ఆ మాట చెప్పాలని 1980లో ఖాత్రి కేసులో, అదే భాగల్పూర్‌లో విచారణ ఖైదీల కళ్లు పొడిచిన కేసులో, సుప్రీంకోర్టు చెప్పింది.

అయితే మనవాళ్లు ఏం చేస్తారు? ఉచిత లాయరంటే పని చేయడనుకుంటారు. ఆవులు అమ్మి, పసుపు పంట మీద ముందే డబ్బు తెచ్చి, కోర్టు బయట కనిపించిన మొదటి నల్లకోటుకి ఇస్తారు. అతను రెండు వాయిదాల తర్వాత ఫోనెత్తడు. ఈ తల్లికీ అదే జరిగింది. ఇరవై ఐదు వేలు పోయాయి. ఉచిత లాయర్లందరూ గొప్పవాళ్లని మేం చెప్పం, వాళ్లలోనూ ఫైలు తెరవనివాళ్లని చూశాం. కానీ అక్కడ పని జరగకపోతే సెక్రటరీకి అర్జీ పెట్టొచ్చు, లాయర్ని మార్చమనొచ్చు. ఆ ఆవులు తిరిగి రావు గదా.

రోజులు లెక్కపెట్టడం ఇంకో ముఖ్యమైన పని. వ్యాపార పరిమాణం కేసుల్లో 180 రోజుల్లో చార్జిషీటు వేయాలి. అంతకు తక్కువ పరిమాణమైతే గడువు ఇంకా తక్కువ. ప్రభుత్వ లాయరు రిపోర్టు పెట్టి కోర్టు దగ్గర గడువు పొడిగించుకోకుండా 180 దాటిందా, బెయిల్ హక్కుగా వస్తుంది, 37వ సెక్షన్ అడ్డురాదు. కానీ దానంతట అది రాదు. చార్జిషీటు పడకముందే పిటిషన్ వేయాలి. 181వ రోజు వేస్తే హక్కు. 185వ రోజు చార్జిషీటు పడ్డాక గుర్తొస్తే పోయింది. లోపలున్న కుర్రాడికి ఈ లెక్క తెలియదు, బయటున్న తల్లికి తేదీలే తెలియవు. మేం ఇప్పుడు మాకు తెలిసిన ప్రతి కేసుకీ అరెస్టు తేదీ రాసి, 60, 90, 180 దగ్గర ఎర్ర పెన్నుతో గీత పెట్టిన క్యాలెండరు హాస్టల్ గోడకి తగిలించాం. వార్డెన్ అది పరీక్షల టైంటేబుల్ అనుకుని మెచ్చుకున్నాడు.

ఈ తమ్ముడి కేసులో చార్జిషీటు గడువులోనే పడింది. కాబట్టి ఆ దారి మూసుకుంది. ఉన్న దారి ఆలస్యం. ఏళ్ల తరబడి విచారణ జరగకుండా మనిషిని లోపలుంచితే 37వ సెక్షన్ ఉన్నా బెయిల్ ఇవ్వొచ్చని 2023 మార్చిలో మహమ్మద్ ముస్లిం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదీ గంజాయి కేసే. ఆ మనిషి అప్పటికి ఏడేళ్లు పైగా లోపలున్నాడు. ఇంకా కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 479వ సెక్షన్ ఉంది. ఇంతకు ముందు శిక్ష పడనివాడు, ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు విచారణలోనే గడిపేస్తే బాండు మీద వదలాలి. మిగతావాళ్లకి సగం. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకీ, ఒకటికి మించి కేసులున్నవాళ్లకీ ఇది వర్తించదు. ఆ గడువు రాగానే జైలు సూపరింటెండెంటే కోర్టుకి రాయాలని చట్టంలోనే ఉంది. 2024 జులై 1కి ముందు పెట్టిన కేసులకీ ఇది వర్తిస్తుందని ఆ ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. పాత 436ఎ సెక్షన్ ప్రత్యేక చట్టాలకీ వర్తిస్తుందని 2022లో సతేందర్ కుమార్ అంతిల్ కేసులో అన్నారు కాబట్టి, గంజాయి కేసుల్లోనూ అడగొచ్చు. అయితే ఇరవై ఏళ్లలో మూడో వంతంటే ఎంతో మీరే లెక్కేసుకోండి. ఆరేళ్ల ఎనిమిది నెలలు. పంతొమ్మిదేళ్లవాడికి.

ఇప్పుడు పూచీకత్తు సంగతి. మా అందరికీ ఎక్కువ కోపం తెప్పించేది ఇదే.

భూమి తగాదాలో కొట్లాట కేసు, నిందితుడు అరవై దాటిన పెద్దాయన. ఆయన్ని మేం తాత అనే పిలుస్తాం. కోర్టు బెయిల్ ఇచ్చేసింది. ఇద్దరు జామీనుదారులు కావాలంది. తాతకి ఉన్నది అటవీ హక్కుల పట్టా. 2006 చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఆ పట్టా వారసులకి వస్తుంది గానీ అమ్మడానికి, బదిలీ చేయడానికి లేదు. అమ్మకూడని భూమిని జామీనుగా తీసుకోం అన్నారు. ఊళ్లో అందరివీ అలాంటి పట్టాలే. అంటే మన భూమి మన చేతుల్లోంచి పోకూడదని పెట్టిన రక్షణే, జైలు గేటు దగ్గర మనకి ఎదురు తిరిగింది. డబ్బిస్తే జామీను పెట్టే బయటి మనుషులు కోర్టు దగ్గర ఉంటారు, వాళ్లు అడిగిన రేటు తాత దగ్గర లేదు. బెయిలొచ్చి నలభై ఏడు రోజులు ఆయన లోపలే ఉన్నాడు. బెయిల్ వచ్చిందన్న సంగతే ఆయనకి పదో రోజు తెలిసింది.

ఇలాంటి పరిస్థితి మీద సుప్రీంకోర్టు 1978లోనే మాట్లాడింది. మోతీరాం కేసు. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీమేస్త్రికి పదివేల జామీను అడిగి, వేరే జిల్లాలో ఆస్తి ఉన్న తమ్ముడి పూచీకత్తు చెల్లదన్నారు. జస్టిస్ కృష్ణయ్యర్ దానికి ఇచ్చిన జవాబులో, ఒక ఆంధ్రుడో మలయాళీయో బస్తర్‌లో అరెస్టయితే అక్కడ ఆస్తి ఉన్నవాణ్ణి ఎక్కడి నుంచి తెస్తాడని అడిగాడు. ఇప్పుడు బస్తర్ నుంచి వచ్చిన మన కోయ చుట్టాలు ఇక్కడి జైళ్లలో ఉన్నారు, ప్రశ్న అదే. 2023 జనవరి 31న ఇంకా వివరంగా ఆదేశాలొచ్చాయి. బెయిల్ ఆర్డర్‌ని అదే రోజో మర్నాడో కోర్టు ఈమెయిల్‌లో జైలుకి పంపాలి, ఖైదీకి చెప్పాలి. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే సూపరింటెండెంట్ న్యాయ సేవాధికార సంస్థ సెక్రటరీకి తెలపాలి. నెల దాటినా జామీను పెట్టలేకపోతే షరతులు సడలించాలా అని కోర్టు తానే చూడొచ్చు. మాలో లా చదివే ఇద్దరూ ఈ ఆర్డర్ ప్రింటు తీసి, తాత ఆదాయ పత్రం, పట్టా నకలు జతచేసి సెక్రటరీకి ఇచ్చారు. సొంత పూచీకత్తు మీద వదిలారు. బయటికొచ్చిన తాత మొదట అడిగింది తన చెప్పుల గురించి. లోపలికి వెళ్లేటప్పుడు వేసుకున్న చెప్పులు ఏ సంచిలో ఉన్నాయో దొరకలేదు. కొత్తవి కొనిస్తామంటే ఒప్పుకోలేదు, "అవి సంతలో మా ఆవిడ కొన్నాది" అన్నాడు.

2022 నవంబర్ 26న, రాజ్యాంగ దినోత్సవం రోజు, రాష్ట్రపతి ద్రౌపది ముర్ము సుప్రీంకోర్టు జడ్జీల ముందు రాసుకొచ్చిన ప్రసంగం పక్కన పెట్టి, జైళ్లలో మగ్గుతున్న పేదవాళ్ల గురించి మాట్లాడారు. తమ ప్రాథమిక హక్కులేంటో కూడా తెలియనివాళ్లు, ఇంట్లో ఉన్నది అమ్ముకోవాల్సి వస్తుందని విడిపించడానికి ఇంటివాళ్లు కూడా ముందుకు రానివాళ్లు. సంతాల్ బిడ్డ కాబట్టే ఆ మాట అంత సూటిగా వచ్చిందనిపించింది, మాలో కొందరం ఆ వీడియో మూడు నాలుగుసార్లు చూశాం. తర్వాత 2023 బడ్జెట్‌లో పేద ఖైదీలకి సాయం పథకం ప్రకటించారు. విచారణ ఖైదీ జామీనుకి 40,000 రూపాయల వరకు, శిక్ష పడినవాడి జరిమానాకి 25,000 వరకు ప్రభుత్వం కడుతుందని 2023లో పెట్టారు. మంచి పథకం. మీ ఊరివాళ్లెవరైనా బెయిలొచ్చి లోపలుంటే తప్పకుండా అడగండి. కానీ మార్గదర్శకాలు కిందదాకా చదవండి. అవినీతి నిరోధక చట్టం, మనీలాండరింగ్ చట్టం, ఉపా, ఎన్డీపీఎస్ కేసులవాళ్లకి ఇది వర్తించదు. కోట్లు మింగినవాడూ, రాత్రి కూలికి మూట మోసినవాడూ ఒకే గంపలో. ఆదివాసీ ఖైదీల బాధలోంచి పుట్టిన పథకంలో మన ఏజెన్సీ కుర్రాళ్లు ఎక్కువగా ఇరుక్కునే కేసే లేదు. దీని మీద మన సంఘాలు, మన ఎమ్మెల్యేలు ఎవరూ మాట్లాడగా మేం వినలేదు. మీరు విని ఉంటే చెప్పండి, సంతోషిస్తాం.

మాలో అందరం ఏజెన్సీవాళ్లం కాదు. ఒకరు బాపట్ల వైపు యెరుకల కుటుంబం, ఒకరు నెల్లూరు యానాది. వాళ్ల ఇళ్లల్లో జైలు మాట ఇంకోలా ఉంటుంది. బ్రిటిష్‌వాళ్లు 1911 చట్టం కింద కొన్ని కులాలకి పుట్టుకతోనే నేరస్తులని ముద్రవేసి, స్టూవర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టి హాజరు పలికించారు. ఆ చట్టం 1952లో పోయింది. ముద్ర జైలు మాన్యువళ్లలో మిగిలిపోయింది. ఊడ్చేది ఎవరు, వండేది ఎవరు అన్నది కులాన్ని బట్టి, "సంచార", "నేర ప్రవృత్తి" తెగలన్న మాటని బట్టి రాసిపెట్టిన రూల్స్ మొన్నమొన్నటి దాకా చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. జర్నలిస్టు సుకన్య శాంత వేసిన కేసులో 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. జైలు రిజిస్టర్లలో కులం గడి కూడా తీసేయమంది. మన యెరుకల మిత్రుడు ఆ తీర్పు గురించి వాళ్ల నాన్నకి ఫోన్‌లో చెప్తే ఆయన చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత "మరి పోలీసులకి చెప్పారా?" అని అడిగాడట.

వయసు గురించి ఒక మాట, ఇది విద్యార్థులు మాత్రమే చేయగలిగిన పని. మన ఊళ్లల్లో పుట్టిన తేదీ కాగితం ఉండదు. ఆధార్‌లో సగంమందికి జనవరి 1. పదహారు, పదిహేడేళ్లవాణ్ణి పంతొమ్మిది అని రాసేస్తే పెద్దల జైలుకి పోతాడు. జువెనైల్ జస్టిస్ చట్టం 2015, 94వ సెక్షన్ ప్రకారం వయసుకి మొదట చూడాల్సింది స్కూలు ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం. ఎముకల పరీక్ష చివరి దారి. నేరం జరిగిన రోజుకి పద్దెనిమిది నిండలేదన్న వాదన ఏ కోర్టులోనైనా, ఎప్పుడైనా లేవనెత్తొచ్చు. అంటే ఆశ్రమ పాఠశాల అడ్మిషన్ రిజిస్టరులో ఒక గీత ఆ పిల్లాడి బతుకుని మారుస్తుంది. అలాంటిది ఒకటి ఇప్పుడు నడుస్తోంది. హెడ్మాస్టారు పాత బీరువా తాళం వెతికిస్తున్నారు.

అలాగే సికిల్ సెల్. మనలో ఎంతమందికుందో మనకి తెలుసు. చలి, నీళ్లు తక్కువ తాగడం, ఒకేచోట ఇరుక్కుని పడుకోవడం, వీటికి నొప్పి తిరగబెడుతుంది. జైల్లో అది నాటకమనుకుంటారు. మా నర్సింగ్ అక్క ఒక కుర్రాడి పరీక్ష కార్డు జైలు డాక్టరుకి చేర్చింది. వాడికి హైడ్రాక్సీయూరియా మాత్రలు మళ్లీ మొదలయ్యాయి. వైద్యం కూడా హక్కే, దయ కాదు. కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఆ కార్డు ఉంటే జిరాక్స్ తీసి దాచండి.

గంజాయి మంచిదని ఈ పోస్టులో ఎక్కడా లేదు. అది మన ఊళ్లని ఏం చేసిందో మాకంటే ఎవరికి తెలుసు? పంట వద్దని ఊళ్లల్లో తీర్మానాలు చేయించినవాళ్లం కూడా మాలో ఉన్నాం. అది వేరే పని, ఇది వేరే పని. శిక్ష పడితే పడనివ్వండి, జడ్జి వేస్తాడు. ఆ శిక్షలో తల్లితో మాట్లాడకుండా ఉండటం లేదు, మందులు లేకుండా ఉండటం లేదు, వచ్చిన బెయిల్ తెలియకుండా ఉండటం లేదు. అవి ఏ చట్టంలోనూ లేని శిక్షలు. వాటిని మనవాళ్లు మాత్రమే ఎక్కువగా అనుభవిస్తున్నారు.

తమ్ముడి కేసు వాయిదాలు నడుస్తూనే ఉన్నాయి. వాళ్లమ్మ ఇప్పుడు ఫోనులో కువిలో గలగలా మాట్లాడుతుంది. పోయినసారి పందికి ఎన్ని పిల్లలు పుట్టాయో, ఎవరి పెళ్లి కుదిరిందో, చామదుంపలు ఎంతకి అమ్మిందో అన్నీ చెప్పింది. మా అమ్మాయి పక్కన నిల్చుని గార్డుకి తెలుగులో చెప్తుంటే, "పందిపిల్లలు ఏడా?" అని అతనూ ఆశ్చర్యపోయాడట.

ఒక అవసరం ఉంది. గుతోబ్ గదబ మాత్రమే మాట్లాడే పెద్దాయన ఒకరు మూడు నెలలుగా రిమాండులో ఉన్నారు. మాలో ఎవరికీ ఆ భాష రాదు. ఆయన లాయరుతో ఇంతవరకు ఒక్క మాట కూడా మాట్లాడలేకపోయారు. అనంతగిరి, అరకు, ముంచంగిపుట్టు వైపు నుంచి ఆ భాష వచ్చిన అన్నలు, అక్కలు ఎవరైనా విశాఖలో ఉంటే మెసేజ్ పెట్టండి. ఆధార్ కార్డు తెచ్చుకోండి, బస్సు చార్జీ మేం చూసుకుంటాం.